చెవి లెక్క తేల్చిన బాండ్ డాక్టర్

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాట వింటున్నారు. అది అయిపోగానే యాప్ దానంతట అదే ఇంకో పాట మొదలుపెట్టింది. గాయని వేరు, సినిమా వేరు, మధ్యలో పాతికేళ్ల తేడా ఉంది. అయినా ఇది కూడా అలాంటి పాటే కదా అని మీకు వెంటనే అనిపించింది. అలాంటిది అంటే ఎలాంటిది? పక్కనున్న ఫ్రెండ్ అడిగితే చెప్పగలరా? ఏదో ఉంది, ఆ ఫీల్ ఒకటే అంటారు. అంతకు మించి మాట రాదు.

ఇలాంటి యాప్‌లు ఎవరు ఏ పాట తర్వాత ఏది విన్నారో కూడా చూసుకుంటాయి, నిజమే. కానీ పాటలోని ధ్వనినే విడగొట్టి, ఈ రెండూ చెవికి దగ్గరగా ఉన్నాయా లేదా అని అంకెల్లో తేల్చే పని ఒకటుంది. కంప్యూటర్ సైన్స్, సైకాలజీ, సంగీతం మూడూ కలిసే రంగం అది. ఈసీఈ, సీఎస్ఈ, డేటా సైన్స్ చదివినవాళ్లకు అందులో చోటుంది. ఆ పనికి పునాది పడి 160 ఏళ్లు దాటింది. వేసినాయన సంగీత విద్వాంసుడు కాదు, ఇంజినీరూ కాదు. ఫీజు కట్టే స్తోమత లేక, సైన్యానికి బాండ్ రాసిచ్చి డాక్టరీ చదివిన ఒక స్కూల్ టీచర్ కొడుకు. పేరు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఇష్టం ఒకటి, సీటు ఇంకొకటి

1821 ఆగస్టు 31న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పుట్టాడు. అప్పట్లో అది ప్రష్యా రాజ్యం. తండ్రి హైస్కూల్లో భాషలు, తత్వశాస్త్రం చెప్పేవాడు. నలుగురు పిల్లలు, వాళ్లలో హెర్మన్ పెద్దవాడు. చిన్నప్పుడు తరచూ జబ్బు పడేవాడు. క్లాసులో మెరుపులా మెరిసే రకమూ కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని విషయాలను బట్టీ పట్టడం అతనికి నరకం. చరిత్ర పాఠంలోని తేదీలు, వ్యాకరణంలోని మినహాయింపులు, వచనంలో కంఠతా అప్పజెప్పాల్సిన పేరాలు... ఏవీ బుర్రలో నిలిచేవి కావు. ఎడమ ఏదో కుడి ఏదో తేల్చుకోవడానికి కూడా తడబడేవాడినని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. అయితే ఒక సూత్రం దొరికితే చాలు, దాని వెంట ఎంత దూరమైనా వెళ్లేవాడు. క్లాసులో లాటిన్ కావ్యాలు చదివిస్తుంటే, బల్ల కింద కాగితం పెట్టుకుని టెలిస్కోప్‌లో కాంతి ఎలా వంగుతుందో లెక్కలు వేసుకున్న కుర్రాడు మరి.

ఫిజిక్స్ చదువుతానన్నాడు. తండ్రికి కోపం రాలేదు, భయమేసింది. ఆ రోజుల్లో ఫిజిక్స్ చదివితే అన్నం పెట్టే ఉద్యోగం దొరకదు. టీచరు జీతంతో నలుగురు పిల్లల ఇల్లు గడవాలి. వాళ్లకు కనిపించిన దారి ఒక్కటే, బెర్లిన్‌లోని సైనిక వైద్య విద్యాలయం. అక్కడ చదువు ఉచితం. బదులుగా డిగ్రీ అయ్యాక కొన్నేళ్లపాటు సైన్యంలో సర్జన్‌గా పనిచేస్తానని రాసివ్వాలి. మన దగ్గర పీజీ మెడికల్ సీట్లకు, కొన్ని కంపెనీల ట్రైనింగులకు రాయించుకునే బాండ్ లాంటిదే. 1838లో, 17 ఏళ్ల వయసులో సంతకం పెట్టి చేరిపోయాడు.

వారమంతా క్లాసులే. దొరికిన ఖాళీలో పియానో. ఇంట్లో నేర్చుకున్న అలవాటును హాస్టల్లోనూ వదల్లేదు. కాలేజీ గ్రంథాలయంలో సహాయకుడిగా కుదురుకుని, ఎవరూ ముట్టని మూల నుంచి ఆయిలర్, బెర్నూలీ, డాలంబేర్‌ల గణిత గ్రంథాలు తీసి చదివాడు. సిలబస్‌లో లేని గణితాన్ని హెల్మ్‌హోల్ట్జ్ దాదాపుగా సొంతంగానే నేర్చుకున్నాడు. ఈ పియానో, ఈ గణితం రెండూ ఒకే పనిలో కలవడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది.

బెర్లిన్‌లో జోహానెస్ ముల్లర్ అనే గొప్ప శరీరధర్మ శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన దగ్గర చేరిన కుర్రాళ్లకు ఒక పట్టుదల ఉండేది. ప్రాణం ఉన్న శరీరంలో ఏదో అంతుచిక్కని శక్తి ఉంటుంది కాబట్టి దాన్ని కొలవలేం అనే వాదన వాళ్లకు మింగుడు పడలేదు. శరీరంలో జరిగేదీ ఫిజిక్సే, కెమిస్ట్రీయే అన్నది వాళ్ల లైను. హెల్మ్‌హోల్ట్జ్ ఆ గుంపులోవారే.

బారక్‌లో ల్యాబ్

1843లో పోట్స్‌డామ్‌లోని రెజిమెంట్‌కు సర్జన్‌గా పోస్టింగ్ వచ్చింది. పెద్దగా రోగులు లేరు, యుద్ధమూ లేదు. చాలామంది అలాంటి చోట పేకాటలో పడతారు. ఆయన బారక్‌లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. కప్ప కాలి కండరం పనిచేసినప్పుడు ఎంత వేడి పుడుతుందో కొలవడం అక్కడే మొదలైంది. ఆ వేడి ఎక్కణ్నుంచి వచ్చింది? తిన్న తిండి నుంచే తప్ప గాల్లోంచి రాదు కదా! ఆ ప్రశ్న వెంట వెళ్లి, 1847 జులైలో బెర్లిన్ భౌతికశాస్త్ర సంఘం ముందు ఒక వ్యాసం చదివారు. శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మారుతుంది అనే నియమాన్ని గణితంతో అన్ని రంగాలకూ వర్తింపజేసిన వ్యాసం అది. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు నిండలేదు. మాయర్, జూల్ అనే మరో ఇద్దరు వేరే దారుల్లో అదే చోటికి చేరుకుంటున్నారు.

అప్పట్లో ఫిజిక్స్‌కు జర్మనీలో పేరున్న పత్రిక పోగెన్‌డార్ఫ్ నడిపేది. ఆ వ్యాసాన్ని అది తిప్పి పంపింది. ప్రయోగాలు తక్కువ, సిద్ధాంతం ఎక్కువ అని వాళ్ల అభ్యంతరం. హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. మీరు ఇంటర్ ఫిజిక్స్‌లో ఒక్క వాక్యంలో రాసి మార్కులు తెచ్చుకున్న శక్తి నిత్యత్వ నియమం చరిత్రలో ఒక ముఖ్యమైన మెట్టు, పత్రిక తిరస్కరించిన ఆ కాగితాలే.

దాంతో పేరు వచ్చింది. ప్రఖ్యాత ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ చొరవతో గడువు తీరకముందే బాండ్ నుంచి విముక్తి దొరికింది. 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రం ప్రొఫెసర్ అయ్యారు. ఆ ఏడాదే ఓల్గాతో పెళ్లి జరిగింది.

మనకు సంబంధించిన కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. నరంలో సంకేతం ఎంత వేగంతో వెళ్తుంది? కాంతి అంత వేగమేమో, కొలవడం ఎప్పటికీ సాధ్యం కాదేమో అని గురువు ముల్లర్ అనుకునేవారు. హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరాన్ని కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తుతో తట్టి, కండరం కదలడానికి పట్టిన సమయాల్లో తేడా చూశారు. సెకనులో వెయ్యో వంతుల తేడా. లెక్క వేస్తే వేగం సెకనుకు దాదాపు 25 నుంచి 40 మీటర్ల మధ్య తేలింది. మన హైవే మీద వెళ్లే కారు కంటే మరీ ఎక్కువేం కాదు! కాలు మీద దోమ కుట్టిన కబురు మెదడుకు చేరడానికి కూడా కాస్త టైం పడుతుందన్నమాట. తండ్రికి ఇది మింగుడు పడలేదు. ఆలోచన, దాని ప్రకటన ఒకేసారి జరుగుతాయని నమ్మిన మనిషాయన. ఎప్పుడో ఆరిపోయిన నక్షత్రం వెలుగును ఇప్పుడు చూస్తున్నామంటే నమ్మడం ఎంత కష్టమో ఇదీ అంతేనని కొడుక్కి ఉత్తరం రాశారు.

మనసుకు సంబంధించిందని అనుకున్నదాన్ని గడియారంతో కొలవొచ్చని తేలిపోయింది. 1851లో కంటి లోపలి రెటీనాను బతికున్న మనిషిలోనే చూడగలిగే ఆఫ్తాల్మోస్కోప్‌ను ప్రకటించడంతో డాక్టర్ల లోకంలోనూ ఆయన పేరు మోగిపోయింది. మీ ఊళ్లో కంటి డాక్టరు చేతిలో ఉండే పరికరానికి మూలం అదే. ఇక కన్ను అయింది, చెవి మిగిలింది.

ఫ్లూటా, వయొలినా?

ఒకే శ్రుతిలో, ఒకే గట్టిదనంతో ఒకరు ఫ్లూట్ మీద, ఒకరు వయొలిన్ మీద షడ్జమం పలికించారనుకోండి. కళ్లు మూసుకున్నా ఏది ఏదో చెప్పేస్తారు. ఎలా? ఫోన్లో హలో అన్న మరుక్షణం అమ్మ గొంతని గుర్తుపడతారు. శ్రుతి కాదు, గట్టిదనం కాదు, ఈ మూడోది ఏమిటి?

జవాబులో సగం అప్పటికే ఉంది. ఎంత సంక్లిష్టమైన కంపనాన్నైనా సాదాసీదా తరంగాల మొత్తంగా విడగొట్టొచ్చని ఫ్రెంచ్ గణితవేత్త ఫోరియర్ చూపించారు. మీరు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో తల పట్టుకునే ఫోరియర్ సిరీస్ ఇదే. చెవి కూడా అదే పని చేస్తుందని 1843లో ఓమ్ అన్నారు. అవును, నిరోధం సూత్రం ఓమే. 100 హెర్ట్జ్ స్వరం ఒకటి మోగితే అందులో 100తో పాటు 200, 300, 400, 500... ఇలా అనుస్వరాలు కూడా కలిసి ఉంటాయి. మనకు మాత్రం ఒకే స్వరంగా వినిపిస్తుంది. ఆ అనుస్వరాలు నిజంగా గాలిలో ఉన్నాయా, గణితవేత్తలు కాగితం మీద కల్పించినవేనా అన్నదే తగాదా.

హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని తేల్చడానికి గాజుతో, ఇత్తడితో బుడ్డి లాంటి బోలు గోళాలు చేయించారు. ఒక వైపు ధ్వని లోపలికి వెళ్లే రంధ్రం, ఎదురు వైపు చెవిలో ఇమిడే సన్నని మూతి. ఒక్కో గోళం ఒక్కో పౌనఃపున్యానికే అనునాదం చేస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే సీసా పరిమాణాన్ని బట్టి కూత మారడం చూశారు కదా, అదే సూత్రం. రెండో చెవిని మైనంతో మూసేసి, గోళాన్ని ఈ చెవికి పెట్టుకుని వయొలిన్ వింటే చాలు. గోళం శ్రుతికి సరిపడే అనుస్వరం అందులో ఉంటే బుడ్డి గుయ్యిమంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఇలా వరసగా బుడ్డీలు మార్చుకుంటూ ఏ వాద్యంలో ఏ అనుస్వరం ఎంత బలంగా ఉందో పట్టిక వేశారు. మెల్లగా ఊదిన ఫ్లూట్‌లో పై అనుస్వరాలు బాగా తక్కువ, అందుకే మెత్తగా ఉంటుంది. వయొలిన్‌లో పైవరకూ ఉంటాయి, అందుకే ఆ పదును. క్లారినెట్‌లో, ముఖ్యంగా కింది స్వరాల్లో, బేసి సంఖ్య అనుస్వరాలదే పైచేయి, అందుకే బోలుగా వినిపిస్తుంది. ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లో స్పెక్ట్రమ్ గీసే ప్రోగ్రామ్ చేసేది ఇదే పని. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు కాబట్టి బుడ్డీలతో చేశారు.

విడగొట్టి ఊరుకోలేదు, తిరిగి కట్టారు కూడా. ఇది నాకు అన్నిటికంటే నచ్చే భాగం. వరసగా శృతిదండాలను పెట్టి, విద్యుదయస్కాంతాలతో వాటిని ఆగకుండా మోగించారు. ప్రతి దండం ముందు ఒక అనునాద గొట్టం, దానికి మూత. మూత ఎంత తెరిస్తే ఆ స్వరం అంత గట్టిగా వస్తుంది. ఈ పాళ్లు మారుస్తూ పోతే, ఎవరూ నోరు తెరవకుండానే యంత్రం అచ్చుల్లాంటి ధ్వనులు పలికింది. ఓ నుంచి ఆ వైపు వెళ్లాలంటే ఏ అనుస్వరాన్ని ఎంత పెంచాలో తెలిసిపోయింది. మన సింథసైజర్లకు ఇదొక తాత.

మీరే చేసి చూడగల ప్రయోగం కూడా ఆయన పుస్తకంలో ఉంది. పియానో దొరికితే దాని కుడి పెడల్ తొక్కి ఉంచి తీగలన్నీ వదులు చేసి, లోపలికి వంగి గట్టిగా ఆ అని పాడి ఆపండి. పియానో కూడా మెల్లగా ఆ అంటుంది. ఈ అంటే ఈ అంటుంది. మీ గొంతులోని ఒక్కో అనుస్వరానికి ఒక్కో తీగ స్పందించి, అన్నీ కలిసి మీ అచ్చును తిరిగి కట్టాయి. లోపలి చెవి కూడా ఇలాంటి పియానోనే అయి ఉంటుందని, ఒక్కో చోటు ఒక్కో పౌనఃపున్యానికి కంపిస్తుందని ఆయన ఊహించారు.

పోలిక అంటే పంచుకోవడం

ఇప్పుడు అసలు సంగతి. భజనలో మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి పాడతారు. గొంతుల మధ్య తరచూ ఒక స్థాయి తేడా ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఒకరు, 200 దగ్గర ఇంకొకరు. అయినా ఇద్దరూ ఒకే స్వరం పాడుతున్నారనే అంటాం. ఆ రెండూ ఎందుకు ఒకటిగా తోస్తాయి?

కాగితం తీసుకోండి. 100 స్వరంలో ఉండేవి 100, 200, 300, 400, 500, 600. దాని పై స్థాయి 200లో ఉండేవి 200, 400, 600. రెండో దాంట్లో ఉన్నవన్నీ మొదటి దాంట్లో ఇప్పటికే ఉన్నాయి! కొత్తగా ఏమీ రాలేదు, పాతదానిలో కొంత భాగమే మళ్లీ వినిపించింది. ఇప్పుడు పంచమం తీసుకోండి. అది 150, అంటే 150, 300, 450, 600. వీటిలో ఒకటి విడిచి ఒకటి షడ్జమంతో కలుస్తోంది. శుద్ధ మధ్యమం, అంటే షడ్జమానికి మూడింట ఒక వంతు పైన ఉండే 133 చిల్లర అయితే మూడింటికి ఒకటి కలుస్తుంది. ఇంకా దూరపు స్వరాలకు వెళితే కలిసేవి చాలా అరుదు. రెండు స్వరాలు చెవికి చుట్టాల్లా అనిపిస్తున్నాయంటే వాటి మధ్య ఉమ్మడి అనుస్వరాలు ఉన్నాయని అర్థం. ఎన్ని ఎక్కువ పంచుకుంటే అంత దగ్గర చుట్టరికం. హెల్మ్‌హోల్ట్జ్ చెప్పింది ఇదే.

ఇదంతా మూడో తరగతి లెక్కలా కనిపిస్తోంది కదూ. అయితే ఆ లెక్క చేసిన పని చూడండి. రెండు ధ్వనులు ఒకేలా అనిపిస్తున్నాయి అన్న మాట అప్పటిదాకా అభిరుచికి సంబంధించింది. ఎవరి చెవి వాళ్లది. అది కాస్తా, ఈ రెండింటిలో ఉమ్మడివి ఎన్ని అనే లెక్క అయింది. నేటి అల్గారిదమ్‌లు రెండు పాటల నుంచి వందల లక్షణాలు తీసి, వాటి మధ్య దూరం కొలిచి, దగ్గరగా ఉంటే పోలిక ఉందంటాయి. ఆ ఆలోచనకు ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక అపశ్రుతి. రెండు స్వరాలు బాగా దగ్గరగా వస్తే ఇంటర్‌లో చదివిన విస్పందనాలు పుడతాయి. సెకనుకు రెండు మూడైతే అల ఊగినట్టు హాయిగానే ఉంటుంది. ముప్ఫై చిల్లర దాకా వెళితే గరగరమని చెవిని గీరుతుంది. రెండు స్వరాల అనుస్వరాల మధ్య ఇలాంటి గీరుడు ఎంత ఉందో కూడితే, ఏ జంట తియ్యగా ఉంటుందో, ఏది కటువుగా ఉంటుందో ఒక గ్రాఫ్ గీయొచ్చు. ఆయన గీశారు. 1965లో ప్లాంప్, లెవెల్ట్ అనే డచ్ పరిశోధకులు శ్రోతలను కూర్చోబెట్టి పరీక్షించి ఈ లెక్కను సవరించారు, పారేయలేదు.

ఈ పరిశోధన జరిగిన ఏళ్లు ఇంట్లో బాగున్నవి కావు. 1855లో బాన్‌కు, 1858లో హైడెల్‌బర్గ్‌కు ఉద్యోగం మారారు. ఎప్పటినుంచో జబ్బుతో ఉన్న ఓల్గా 1859లో చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలు. 1861లో అనాను రెండో పెళ్లి చేసుకున్నారు. ఆ మధ్యకాలంలోనే బుడ్డీలు, దండాలు, లెక్కలు నడిచాయి. 1863లో స్వరానుభూతుల మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. 1875లో ఎల్లిస్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు.

ఆ పుస్తకం మూడు భాగాలు. మొదటిది స్వరం నిర్మాణం, రెండోది స్వరాల కలయిక. ఈ రెండింటిలోనూ ప్రకృతి నియమాలే మాట్లాడతాయి. మూడో భాగానికి వచ్చేసరికి ఆయన చేతిలోని కొలబద్ద కాస్త పక్కన పెట్టారు. ఏ స్వరాలతో స్కేలు కట్టుకోవాలి, ఏ కలయిక అందం అనేవి ప్రకృతి శాసించినవి కావని, ఒక్కో జాతి, ఒక్కో కాలం తమ అభిరుచిని బట్టి ఎంచుకున్నవని, ముందుముందు కూడా మారతాయని రాశారు. అప్పటి యూరప్‌లో తమ సంగీతమే ప్రకృతి సిద్ధమని అనుకునేవాళ్లు చాలామంది. చెవిని అంతగా కొలిచిన మనిషే ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

తప్పులూ ఉన్నాయి, ఆ తప్పులతో వచ్చిన లాభాలూ ఉన్నాయి

స్వరం శ్రుతి దాని అడుగునున్న అనుస్వరం నుంచే వస్తుందని ఆయన నమ్మారు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని దాదాపుగా పంపేది కాదు. నాన్నగారి గొంతు అడుగు స్వరం 120 దగ్గర ఉంటుంది. అది రాకపోయినా ఆయన గొంతు ఆ శ్రుతిలోనే వినిపించేది, ఆడగొంతుగా మారిపోలేదు. పై అనుస్వరాల మధ్య ఉన్న ఎడాన్ని బట్టి చెవి, మెదడు కలిసి అడుగును పోల్చుకుంటాయి. 20వ శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త షౌటెన్ ప్రయోగాలతో ఇది తేటపడింది. లోపలి చెవి అచ్చంగా పియానో తీగల్లా కాక, పొర మీద అల ప్రయాణించినట్టు పనిచేస్తుందని బెకెషీ చూపించి 1961లో నోబెల్ అందుకున్నారు. చోటును బట్టి పౌనఃపున్యం అనే హెల్మ్‌హోల్ట్జ్ మాట మాత్రం నిలిచింది.

ఇంకో తమాషా. అలెగ్జాండర్ గ్రాహం బెల్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఈ జర్మన్ పుస్తకం చూశారు. భాష సరిగా రాదు. బొమ్మల్లోని తీగలు, దండాలు చూసి, హెల్మ్‌హోల్ట్జ్ తీగ గుండా అచ్చులను దూరానికి పంపారని అనుకున్నారు. ఆయన పంపలేదు, ఒకే గదిలో మోగించారంతే. అచ్చులు పంపగలిగినప్పుడు హల్లులు మాత్రం ఎందుకు పంపలేం అనుకుంటూ బెల్ పనిలో దిగారు. 1876లో టెలిఫోన్ పేటెంట్ వచ్చింది. జర్మన్ సరిగ్గా వచ్చి ఉంటే ఆ పని మొదలుపెట్టేవాడినే కాదేమోనని తర్వాత చెప్పుకున్నారు.

ఆ పుస్తకం మన వైపు కూడా వచ్చింది. సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. తన మీద బలమైన ముద్ర వేసిన మూడు పుస్తకాల్లో హెల్మ్‌హోల్ట్జ్ స్వరానుభూతుల గ్రంథం ఒకటని రామన్ చెప్పుకున్నారు. ఆయనదీ మీకు తెలిసిన కథే. 1907లో ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరి, ఆఫీసుకు ముందూ తర్వాతా బౌబజార్‌లోని ల్యాబ్‌లో కూర్చునేవారు. వయొలిన్, వీణ, తంబురాల మీద పనిచేశారు. మామూలు డోలు చర్మం మీద పుట్టే ధ్వనులు వరస అనుస్వరాలు కావు, అందుకే అందులో స్పష్టమైన శ్రుతి వినపడదు. మృదంగం, తబలాల చర్మం మధ్య నల్లటి పూత ఆ ధ్వనులను వరసలోకి తెస్తుందని 1920లో నేచర్ పత్రికలో సహచరుడితో కలిసి ప్రకటించారు. మృదంగం తంబురాతో ఎందుకు కలుస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఉమ్మడి అనుస్వరాలు.

గురువుగా, ఆఫీసరుగా

1871లో బెర్లిన్ విశ్వవిద్యాలయం హెల్మ్‌హోల్ట్జ్‌కు ఫిజిక్స్ పీఠం ఇచ్చింది. 17 ఏళ్లప్పుడు అడిగిన సబ్జెక్టు 50 ఏళ్లకు చేతికొచ్చింది. అయితే ఒక మాట. క్లాసులో ఆయన బాగా చెప్పేవారు కాదు. తయారై రాకుండా, తడుముకుంటూ, బోర్డు మీద లెక్కలు తప్పుతూ చెప్పేవారని, చివరికి క్లాసులో ముగ్గురమే మిగిలామని మాక్స్ ప్లాంక్ గుర్తుచేసుకున్నారు. ల్యాబ్‌లో మాత్రం వేరే మనిషి. రేడియో తరంగాలను నిరూపించిన హెన్రిచ్ హెర్ట్జ్ ఆయన శిష్యుడే. ఇందాకటి నుంచి మనం వాడుతున్న హెర్ట్జ్ అనే కొలమానం ఆ కుర్రాడి పేరే. 1888లో కొలతల కోసమే బెర్లిన్ పక్కన కట్టిన జాతీయ సంస్థకు హెల్మ్‌హోల్ట్జ్ మొదటి అధ్యక్షుడయ్యారు.

1893లో షికాగో ప్రదర్శనకు వెళ్లి వస్తూ ఓడలో మెట్ల మీద నుంచి పడిపోయారు. ఆ తర్వాత పూర్తిగా కోలుకోలేదు. 1894 జనవరిలో హెర్ట్జ్ 36 ఏళ్లకే చనిపోయారు. శిష్యుడు వదిలివెళ్లిన మెకానిక్స్ పుస్తకానికి ఆ వేసవిలో గురువు ముందుమాట రాశారు. సెప్టెంబర్ 8న ఆయనా వెళ్లిపోయారు.

ఆ బుడ్డీల పని ఇప్పుడు ఎక్కడుంది?

1937లో అమెరికాలో స్టీవెన్స్ బృందం శ్రోతలను అడిగి, చెవికి సమాన దూరంగా తోచే శ్రుతులతో మెల్ స్కేల్ తయారుచేసింది. మీరు ఆడియో ప్రాజెక్టు చేస్తే మొదటి రోజే ఎదురయ్యే ఎంఎఫ్‌సీసీలో మొదటి ఎం అదే. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ గ్రే 16 వాద్య స్వరాలను శ్రుతి, గట్టిదనం, నిడివి సమానం చేసి, జంటలుగా వినిపించి, ఎంత పోలిక ఉందో మార్కులు వేయమన్నారు. ఆ మార్కులను కంప్యూటర్‌కు ఇస్తే మూడు దిశలున్న ఒక పటం వచ్చింది. దగ్గరగా వినిపించేవి పటంలో దగ్గరగా కూర్చున్నాయి. ఆ దిశల్లో ఒకటి, అనుస్వరాల్లో బలం కింద ఉందా, పైన ఉందా అన్నదే. హెల్మ్‌హోల్ట్జ్ పట్టికలు మళ్లీ తలుపు తట్టినట్టయింది.

పాటల పోలిక కట్టే ప్రోగ్రాములకు 2006 నుంచి అంతర్జాతీయంగా పోటీలు కూడా జరిగాయి. తీర్పు చెప్పింది మనుషులే. ఒక పాట, ప్రోగ్రామ్ తెచ్చిన ఇంకో పాట విని మార్కులు వేశారు. ప్రోగ్రాములు కొంతకాలం మెరుగుపడుతూ వచ్చి ఒక చోట ఆగిపోయాయి. కారణం వెతికితే, అదే జంట పాటలకు ఒక శ్రోత ఎక్కువ మార్కులు, ఇంకో శ్రోత తక్కువ మార్కులు వేశారని తేలింది. మనుషులే ఒప్పుకోని చోట యంత్రం ఎవరితో ఒప్పుకోవాలి? ఒకరు రాగం పోలిక చూస్తారు, ఇంకొకరు గొంతు, మరొకరు లయ. ఇద్దరికీ అదే ధ్వని, వినే అలవాటు వేరు. హెల్మ్‌హోల్ట్జ్ మూడో భాగం రాసింది ఈ చోటు గురించే.

2011లో బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కూడా ఇక్కడినుంచే బయల్దేరింది. పాశ్చాత్య పాటలకు కట్టిన లెక్కలు కర్ణాటక, హిందుస్థానీ సంగీతాలకు సరిపోవని, ఒక్కో సంప్రదాయాన్ని దాని శ్రోతల చెవితోనే చూడాలని దాని ఉద్దేశం. ఐఐటీ మద్రాస్ అందులో భాగస్వామి. ఇక్కడ గమకం పెద్ద చిక్కు. కాగితం మీద ఒకే స్వరం, గొంతులో మాత్రం ఊగుతూ రెండు పక్క స్వరాలనూ తాకుతుంది. దాన్ని ఒక అంకెగా రాస్తే రాగం పోతుంది.

ఇటువైపు వెళ్లాలనుకుంటే ఫోరియర్ పరివర్తన, పైథాన్, కొంచెం గణాంక శాస్త్రం కావాలి. లిబ్రోసా అనే ఉచిత లైబ్రరీతో మీ ఫోన్లో రికార్డు చేసిన రెండు గొంతుల అనుస్వరాలను ఈ సాయంత్రమే పక్కపక్కన గీసుకోవచ్చు. శ్రోతలను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం, ఆ జవాబులను నమ్మాలో లేదో తేల్చడం మాత్రం లైబ్రరీలో దొరకదు. అది ప్రయోగ మనోవిజ్ఞానం. దానికి మొదటి ల్యాబ్ పెట్టినవారిగా చెప్పుకునే విల్‌హెల్మ్ వుంట్ కూడా హైడెల్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర అసిస్టెంటే.